చావు పాటల హెప్సిబా

మందమర్రి నుంచి జైనూర్ దాకా హెప్సిబా గొంతు వినని ఊరు లేదు. మనిషిని మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. ఒకసారి మంచిర్యాల బస్సులో ఆమె పక్కనే కూర్చున్న ఒకావిడ, ఆమె పాటే ఫోన్‌లో పెట్టుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. హెప్సిబా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగాక నాతో అన్నది ఒకటే మాట: "గా గొంతు నాదని చెప్తె ఆమె సీట్ల నుంచి లేచి పోతుండె."

ఆ గొంతు వినాలంటే ఇంట్లో ఎవరో ఒకరు పోవాలి. మా వైపు ఇప్పుడిది ఆచారం. మనిషి పోతే ఫొటో పెద్దది చేయించినట్టే పాట కూడా చేయిస్తారు. దినాల నాడు టెంటు వేసి, దండ వేసిన ఫ్లెక్సీ పక్కన స్పీకర్ బాక్సులు పెట్టి, భోజనాల వేళకు ఆ పాట మొదలుపెడతారు. పాటలో పోయినవాళ్ల పేరు, ఊరు, పెళ్లాం, కొడుకులు, కోడళ్లు, బిడ్డలు, అల్లుళ్లు, మనుమలు అందరి పేర్లూ రావాలి. తర్వాత ఫొటోలు అతికించి యూట్యూబ్‌లో పెడతారు. ముక్కలు కోసి స్టేటస్‌లు పెట్టుకుంటారు. ఏడాది మాసికానికి మళ్లీ బయటికి తీస్తారు. హిందువులు, క్రైస్తవులు అని తేడా లేదు. చర్చి వాళ్లు దినాలను జ్ఞాపకార్థ కూడిక అంటారు. టెంటు అదే, బాక్సులు అవే, గొంతు హెప్సిబాదే.

ఆ పాటలు రికార్డు చేసేది నేను. మందమర్రి మార్కెట్ వెనక మేడ మీద గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, ఒక కంప్యూటర్, ఒక మైకు. ఫ్యాను వేస్తే దాని చప్పుడు మైకులోకి వస్తుంది. ఆపితే చొక్కా పిండుకోవాలి. డిగ్రీ సగంలో వదిలేసినవాడికి ఇదే ఎక్కువని మా బాపు అంటాడు. అననివ్వండి. ఇది నా గురించి కాదు.

హెప్సిబా తండ్రి సామ్యూల్ బొగ్గుబాయి కార్మికుడు. బాయిలో చెమ్మకు మోకాళ్లు పోయినా ఆదివారం చర్చి పాటల గుంపుకు ముందు నిలబడేది ఆయనే. తల్లి చిన్నప్పుడే పోయింది. హెప్సిబా, చెల్లెలు ఏంజెల్ ఇద్దరూ కంపెనీ క్వార్టర్లో తండ్రి పాట వింటూ పెరిగారు. క్రిస్మస్ ముందు వీధి వీధీ తిరిగి పాడేటప్పుడు హెప్సిబా గొంతు గుంపును దాటి పైకి పోయేది. "అందరితోని కలిసి పాడు బిడ్డా, నువ్వొక్కదానివే పోతున్నవ్," అని సామ్యూల్ కసిరేవాడు. ఆమెకు అది చేతకాలేదు.

పగలంతా ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం తీస్తుంది. అక్కడ కూడా నిలబడే తీస్తుంది. కూర్చోవడం అనేది ఆమె ఒంట్లో లేదు. నా గదికి వస్తే స్టూలు కాలితో పక్కకు నెట్టేసి, హెడ్‌ఫోన్ తీగ ఎంత పొడుగుంటే అంత దూరం అటూ ఇటూ తిరుగుతూ పాడుతుంది. "మైకు ముందర నిలవడక్కా, గొంతు పోయి గోడకు తాకుతుంది," అంటే వినదు.

మొదటి పాట వెంకటిది. వాళ్ల వీధి కుర్రాడే. హైవే మీద లారీ కింద పడ్డాడు. దోస్తులు పాట కావాలని నా దగ్గరికి వస్తే పాడేవాళ్లు దొరకలేదు. హెప్సిబా తనే వచ్చింది. ఆ కుర్రాడికి చిన్నప్పుడు ముక్కు తుడిచిన మనిషి. ఒక్కసారే పాడింది. మధ్యలో ఒకచోట గొంతు ఆగిపోయింది, మళ్లీ అందుకుంది. ఆ ఆగిన చోటు కోసేద్దామని నేను అంటే వెంకటి దోస్తులు నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పాట బొగ్గు కాలనీలన్నీ తిరిగి, గోదావరి దాటి కరీంనగర్ దాకా పోయింది. అప్పట్నుంచీ వచ్చినవాళ్లంతా ఒకటే మాట: వెంకటి పాట పాడిన పిల్లే కావాలి. ఆ ఆగిన చోటు కూడా కావాలి.

ఒకసారి శ్రీహరి అనే ఆయన తమ్ముణ్ని వెంటేసుకుని వచ్చాడు. తల్లి దేవవ్వ పోయింది.

"మా అవ్వ గురించి ఏం చెప్పాలె అక్కా, మనిషి కాదు, దేవత," అన్నాడు శ్రీహరి.

"అందరు దేవతలేనే. ఇంకేమన్న చెప్పు," అంది హెప్సిబా, గదిలో తిరుగుతూనే.

"ఇంకేముంటది? దేవతే. పేర్లు రాసుకోండ్రి. ముందుగాల నా పేరు. తర్వాత మా ఆవిడ రమ."

తమ్ముడికి ఎక్కడో కాలింది. "వదిన పేరు ముందుగాల ఎట్ల వస్తదే? అవ్వకు చాకిరి చేసింది ఎవ్వరు? ఆఖరికి నీళ్లు పట్టింది ఎవ్వరు?"

"నీళ్లు పడితె పేరు ముందట పెట్టాల్నారా? గ్లాసు నాది!"

"నా పెండ్లాం పేరు రెండుసార్లు రావాలె. లేకుంటె పాటే వద్దు," అన్నాడు తమ్ముడు.

హెప్సిబా ఆగింది. "అన్నా, జర ఇనుండ్రి. పల్లవి రెండుసార్లు వస్తది. ఒకసారి రమక్క ముందు, ఒకసారి మీ మరదలు ముందు. సరేనా? మీరు గిట్లనే కొట్లాడితె నేను మీ అవ్వ గొంతుతోటి మీ ఇద్దర్ని పేరువెట్టి తిడుత. గది సుత పాటల పోతది."

అన్నదమ్ములిద్దరూ నవ్వేశారు. తల్లి పోయాక మొదటిసారి నవ్వినట్టున్నారు, వెంటనే తప్పు చేసినట్టు తలలు దించుకున్నారు. వాళ్లు మెట్లు దిగాక హెప్సిబా నాకేసి తిరిగింది.

"చూసినవా? ఏడిపియ్యడమే కాదురా, నవ్వియ్యడం సుత వస్తది నాకు."

అదీ ఆమె బాధ. ఆమెకు డ్యాన్సు పాటలంటే పిచ్చి. వీధిలో డీజే బండి పోతే చేతిలో ఏ పనున్నా వదిలి గోడ పట్టుకుని నిలబడుతుంది. రికార్డింగ్ అయ్యాక నా గదిలో పెళ్లి ఊరేగింపులో వేసే బరాత్ ట్రాకులు పెట్టించుకుని, తలుపు వేసుకుని, గుడ్ల అట్టలు ఊడిపడేలా ఎగిరేది. ఆయాసంతో స్టూలు మీద ఒక క్షణం కూర్చుని లేచి, "నా గొంతుకు ఎవడన్న ఒక్కడు ఎగరాలెరా. ఒక్కసారన్న. ఏడ్చుడు మస్తయింది," అనేది.

సరే అని ఒక పెళ్లి పాట చేశాం. మాటలు మేమిద్దరం కలిసి కట్టాం. ట్రాక్ నేను కొట్టాను. పెళ్లికొడుకు పేరు, ఊరి పేరు, బంధువుల పేర్లు ఎక్కడికక్కడ మార్చుకునేలా ఖాళీలు పెట్టాం. పేర్లు కూర్చడం ఆమెకు కొట్టిన పిండి. నాకైతే కాళ్లు నేల మీద నిలవలేదు. యూట్యూబ్‌లో పెట్టి రోజంతా ఫోన్ చూస్తూ కూర్చున్నాను.

కామెంట్లు వచ్చాయి. దండం పెట్టే చేతులు. ఏడుపు ముఖాలు. "ఆత్మకు శాంతి." ఒకడు ఇంకా నయం, వివరం అడిగాడు: "ఎవరు పోయిన్రు అన్నా? పెండ్లికి ముందా, తర్వాతనా?"

కరీంనగర్‌లో ఒక పెద్ద జానపద ఛానెల్ ఆయన దగ్గరికి ఇద్దరం పోయాం. ఆయన పాట సగం విని ఆపేశాడు.

"ట్రాక్ ఫస్టుక్లాసున్నది తమ్మీ. పాప గొంతు సుత మంచిదే. కానీ మా నాయిన దినాలల్ల ఇన్న గొంతు ఇది. ఇంటుంటె నాకు పిట్టకు పెట్టిన ముద్ద యాదికొస్తది. గొంతు మార్చు, పెడదాం."

"మార్చం," అన్నాను.

హెప్సిబా అప్పటికే బయట రోడ్డు మీద ఉంది. బస్టాండు దాకా ఆగకుండా నడిచింది. నేను పరుగెత్తినట్టు నడవాల్సి వచ్చింది.

ఏంజెల్‌కు సంబంధం కుదిరింది ఆ తర్వాతే. పెళ్లికొడుకు జాన్సన్ నస్పూర్ వాడు, ఏంజెల్ పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. తండ్రి స్టీఫెన్ బాయిలో పనిచేసి నిరుడు గుండెపోటుతో పోయాడు. తల్లి సాయవ్వ ఉంది. జాన్సన్ హుషారైన మనిషి. "వదినే, బరాత్‌ల నువ్వే పాడాలె. డీజే మీద లైవ్. నస్పూరు దద్దరిల్లాలె," అన్నాడు. ఆ మాటతో హెప్సిబా ల్యాబులో కూడా పాడుతూ రక్తం తీసిందట. మా ఇద్దరికీ ఆ నెలంతా అదే ధ్యాస. పాటలో జాన్సన్ బలగం పేర్లు నింపాం, మార్చాం, మళ్లీ మార్చాం.

అప్పుడు నస్పూర్ నుంచి సామ్యూల్‌కు కబురొచ్చింది. సాయవ్వ ఒక్కటే అడిగింది. పెళ్లిలో హెప్సిబా మైకు పట్టుకోకూడదు.

ఎందుకంటే స్టీఫెన్ పాట పాడింది కూడా హెప్సిబాయే. అప్పటికి ఈ చుట్టరికం లేదు. ఎవరో చెప్తే జాన్సన్ వచ్చి చేయించుకుపోయాడు. "గా గొంతు ఇంటె నాకు ఆయన శవమే కండ్లల్లకి వస్తది. నా ఇంట్ల పెండ్లి అన్నా, గది వద్దు," అందట సాయవ్వ.

సామ్యూల్ ఈ మాట చెప్పినప్పుడు నేను వాళ్ల క్వార్టర్ గుమ్మంలోనే ఉన్నాను.

"నోరు మూసుకొని ఉండు బిడ్డా. ఒక్క రోజే కదా."

"చర్చిల పాడొచ్చునా బాపూ?"

"గుంపుల పాడు. జర మెల్లగ."

ఏంజెల్ చేతిలోని గిన్నె నేలకేసి కొట్టింది. "మా అక్క పాడకపోతె నేను బండెక్క! ఏం అనుకుంటుండ్రు వాళ్లు?"

"నువ్వు బండెక్కు," అంది హెప్సిబా. గిన్నె తీసి కడిగి బోర్లించింది. "నీ అత్త తప్పేం లేదే. నేను పాడింది గసొంటిదే. పెండ్లి నీది. పాట ఏడికి పోతది?"

నాకు ఒళ్లు మండింది. అంత సులభంగా ఒప్పుకునే మనిషి కాదు ఆమె. గుమ్మం దాటి బయటికి వచ్చాక చూస్తే క్వార్టర్ల చుట్టూ నడుస్తోంది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. కుక్కలు మొరిగి మొరిగి ఊరుకున్నాయి.

పెళ్లి మందమర్రి చర్చిలో జరిగింది. హెప్సిబా గుంపులో వెనక వరుసలో నిలబడి పెదవులు కదిపింది. గొంతు మాత్రం రాలేదు. నేను ఆమె గొంతును అన్నేళ్లు వినివిని ఉన్నాను, వస్తే తెలుస్తుంది. భోజనాలయ్యాక అందరం నస్పూర్ బయలుదేరాం.

ఎండ దిగుతుండగా మెయిన్ రోడ్డు మలుపులో బరాత్ మొదలైంది. డీజే బండి సాద్‌ది. మంచిర్యాల కుర్రాడు, నాకు దోస్తు. బండి వెనక బాక్సులు పేర్చి, పైన గొడుగు కట్టుకుని కూర్చున్నాడు. హెప్సిబాను చూడగానే మైకు ఊపాడు. అక్కను వాడు ఆపా అంటాడు.

"ఆపా, రా! మైకు తయార్ ఉన్నది!"

"వద్దురా సాద్. ఇయ్యాల నాకు సెలవు."

"సెలవా? నీకా? ఖైరియత్? అంత మంచిదే కదా?"

ఆమె చెయ్యి ఊపేసి ముందుకు పోయింది. ఏంజెల్ కూర్చున్న కారు పక్కన, దాని డోరు పట్టుకుని నడిచింది. ముందు జాన్సన్ దోస్తులు చొక్కాలు తడిసేలా ఎగురుతున్నారు. ఆమె కాలు ఆగడం లేదు, వేళ్లు డోరు మీద తాళం వేస్తూనే ఉన్నాయి. నేను పక్కనే నడుస్తూ జేబులో పెన్‌డ్రైవ్ తిప్పుతున్నాను. మా పాట అందులోనే ఉంది. సాద్‌కు ఇచ్చేద్దామా అనుకున్నాను. ప్రతి రెండడుగులకోసారీ అదే అనుకున్నాను.

బరాత్ ఇంటి ముందుకు వచ్చింది. గడపకు ఎదురుగా, వీధి అవతల పెళ్లి ఫ్లెక్సీ. పైన మూలకు స్టీఫెన్ ఫొటో, కింద "ఆశీస్సులతో" అని రాసి ఉంది. కోడలి కాళ్లకు నీళ్లు పోయడానికి సాయవ్వ చెంబుతో గడప మీద నిలబడింది. ఏంజెల్ కారు దిగి నడిచింది. సాయవ్వ చెంబు వంచబోయి తల ఎత్తింది. ఫ్లెక్సీ చూసింది. చెయ్యి ఆగిపోయింది.

సాద్ పాట తగ్గించాడు. ఏమైందోనని అందరూ తోసుకుని ముందుకు వచ్చారు. సాయవ్వ జనంలో వెతికి వెతికి హెప్సిబాను పట్టుకుంది.

"బిడ్డా, నువ్వు రా. ఆయన పాట ఒక్క సుట్టు పాడు. ఆయన లేకుంట కోడలు గడప ఎట్ల దాటాలె?"

వద్దన్న నోటితోనే అడుగుతోంది. సామ్యూల్ హెప్సిబాకు కళ్లతో సైగ చేశాడు, పాడెయ్యమని. అందరి ముఖాల్లో ఏడుపు తయారుగా ఉంది, ఆమె నోరు తెరవడమే ఆలస్యం. ఏంజెల్ పెళ్లి చీరలో నడి వీధిలో నిలబడి అక్క వైపు చూస్తోంది.

"నేను పాడ, అత్తమ్మా," అని తల అడ్డంగా ఊపింది హెప్సిబా.

"హెప్సీ!" అన్నాడు సామ్యూల్.

"పాడ బాపూ. గా పాట ఎత్తుకుంటె గీ బరాత్ గీడనే చావు టెంటయితది. మా చెల్లె ఏం పాపం చేసింది?" తర్వాత సాయవ్వ వైపు తిరిగింది. "పెండ్లి పాటయితె పాడుత అత్తమ్మా. మామ పేరు అండ్ల పెడుత, బతికున్నోళ్ల నడుమ. ఇష్టముంటె ఇను. లేకుంటె మైకు గుంజుకో."

నేను అప్పటికే సాద్ చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టాను. ట్రాక్ మొదలైంది. హెప్సిబా మైకు అందుకుంది.

"సైసై అని వచ్చెనో నస్పూరు జాన్సనూ,
ముందుండి ఎగిరెనో మా మామ స్టీఫెనూ..."

జనం నిలబడే ఉన్నారు. ఒక్కరి భుజం కూడా కదల్లేదు. ఆ గొంతుకు ఏం చేయాలో వాళ్లకు తెలియదు. ఒక ముసలాయన చావింటి అలవాటుగా తలగుడ్డ తీసేశాడు. హెప్సిబా రెండోసారి అదే లైను ఎత్తుకుంది, ఇంకా గట్టిగా. ఇక అయిపోయింది అనుకున్నాను.

"అబద్ధం!" అని అరిచింది సాయవ్వ.

సాద్ టక్కున ఆపేశాడు.

"అబద్ధం పాడుతున్నవ్! ఆయన ఏనాడు ఎగిరిండే? మా పెండ్లిల సుత ఎగురలే! జనరేటర్ కాడ నిలవడ్డడు, డీజిల్ ఎవడన్న ఎత్తుకపోతడని. పెండ్లికొడుకు! బండ్లె నేనొక్కదాన్నే కూసొని వచ్చిన. ఊరంత అడిగిన్రు, పెండ్లికొడుకేడి పెండ్లికొడుకేడి అని!"

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. స్టీఫెన్‌తో బాయిలో పనిచేసిన ఒకాయన గుంపులోంచి గొంతు కలిపాడు. "బాయిల సుత గంతే సాయవ్వా. తన టిఫిన్ డబ్బకు తాళం ఏసుకుంటుండె!"

"నువ్వు తింటవనే ఏసిండు!"

ఈసారి వీధి మొత్తం నవ్వింది. హెప్సిబా సాద్ వైపు చెయ్యి ఊపింది. లైను అక్కడికక్కడే మార్చేసింది.

"అందరూ ఎగిరిరో, మా మామ ఏడరో?
జనరేటరెనుక జర తొంగి చూడరో,
డీజిలు కావలీ కూసున్నడో..."

"కూసోలే! నిలవడ్డడు!" అంది సాయవ్వ.

"డీజిలు కావలీ నిలవడ్డడో!" అని హెప్సిబా దిద్దుకుంది, తాళం తప్పకుండా. సాద్ సరిగ్గా అక్కడ దెబ్బ వదిలాడు. బాక్సులు గుండెల మీద గుద్దాయి. జాన్సన్ మొదట కదిలాడు. నవ్వుతున్నాడు, ముక్కు కారుతోంది, ఎగురుతున్నాడు. దోస్తులు అతన్ని భుజాల మీదికి ఎత్తారు. టిఫిన్ డబ్బ మాట ఎత్తిన ఆయన లుంగీ ఎగగట్టాడు. తలగుడ్డ తీసిన ముసలాయన దాన్ని గాల్లో తిప్పడం మొదలుపెట్టాడు.

హెప్సిబా నా వైపు చూసింది. చూశావా అన్నట్టు కాదు, నిజమేనా అన్నట్టు. నేను తలూపాను. ఆమె మైకు తీగ లాక్కుంటూ జనంలోకి నడిచింది. పాడుతూనే ఎగురుతోంది. ఊపిరి అందక అక్షరాలు తెగిపోతున్నాయి, ఎవరికీ పట్టలేదు.

పాట అయిపోవచ్చేసరికి సాయవ్వ చెంబు గడప మీద పెట్టి మెట్లు దిగి వచ్చింది. హెప్సిబా చెయ్యి పట్టుకుంది.

"ఇంకో సుట్టు. ఇప్పుడు మా అత్త పేరు పెట్టు. సక్కుబాయి. నన్ను మస్తు తిట్టిందిరా దేవుడా. గది సుత పెట్టు."

"ఏమని తిట్టేది అత్తమ్మా?"

సాయవ్వ చెవిలో చెప్పింది. హెప్సిబా పగలబడి నవ్వింది. అది మైకులోంచి వీధంతా వినపడింది. ఇక ఆగలేదు. ఎవరో వాళ్ల బాపు పేరు అరిచారు, తాగి బాయి క్యాంటీన్‌లో పడుకునేవాడట. ఇంకెవరో వాళ్ల చిన్నమ్మ పేరు, పేకాటలో మగవాళ్లను ముంచేదట. హెప్సిబా అందుకున్న పేరును అందుకున్నట్టే లైనులో వేస్తోంది. సాద్ ట్రాకును మొదటికి తిప్పుతున్నాడు, మళ్లీ తిప్పుతున్నాడు. ఆమె గొంతు బొంగురుపోయింది. అయినా ఆపలేదు.

బరాత్ ఇంటి ముందే ఇరుక్కుపోయింది. గడప మీద చెంబు ఉంది, ఇవతల ఏంజెల్ ఉంది, నీళ్లు పోయాల్సిన అత్త నడివీధిలో ఎగురుతోంది.

"అక్కా!" అని కేక వేసింది ఏంజెల్, చెప్పులు చేత పట్టుకుని. "నా కాళ్లు గుంజుతున్నయే! మా అత్తను జర ఇడువు, నేను ఇంట్లకు పోవాలె!"